పొరుగువాని వంతు

ధనమును పంచినచో తరుగును. ధాన్యమును పంచినచో గాదె వెలితి పడును. పంచినకొలది పెరుగునవి లోకమున మిక్కిలి తక్కువ. విద్య అట్టిదని మన పెద్దలు చెప్పిరి. సంతోషము కూడ అట్టిదే. పండుగనాడు గారెలో బూరెలో వండి, ఇరుగుపొరుగు ఇండ్లకు ఒక పళ్లెమైన పంపనిదే మన పల్లెటూరి ఇల్లాలికి పండుగ చేసినట్లు తోచదు. తాను తినుటకంటె పంపుటయందే ఆమెకు పండుగ నిండగును. ఈ చిన్న ఆచారములో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. భగవంతుని సన్నిధిలో మనుష్యునకు కలుగు ఆనందము అతని సొంత సొత్తేనా? లేక దానిలో పొరుగువానికి కూడ వంతు కలదా?

క్రైస్తవ మతము ఈ ప్రశ్నకు చెప్పిన జవాబు విచారింపదగినది. ఆ మతమున ఏకాంత ప్రార్థనకు చోటు లేకపోలేదు. తలుపు మూసికొని రహస్యముగా ప్రార్థింపుమని క్రీస్తే బోధించెను. కాని ఆరాధనయందలి ఆనందమును గూర్చి క్రైస్తవ గ్రంథములు మాటలాడు ముఖ్యమైన తావులను పరిశీలించితిమేని, ఆ ఆనందము ప్రక్కనే ఒక గంపయో, ఒక రొట్టెయో, ఇంకొకరికై తీసియుంచిన భోజనమో కనిపించును. ఆ వంతు అందవలసిన వానికి అందనిచోట, ఆ గ్రంథములు ఆరాధననే తప్పుపట్టినవి. ఈ భావము ఎట్లు పుట్టినదో, ఎట్లు నడచినదో, మన తెలుగునాటికి వచ్చి ఏమైనదో చూతము.

క్రైస్తవులు యూదులనుండి వారసత్వముగా పొందిన గ్రంథములలో నెహెమ్యా గ్రంథ మొకటి. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమున పారసీక చక్రవర్తికి పానపాత్ర నందించు ఉద్యోగియగు నెహెమ్యా, సెలవు పుచ్చుకొని, పాడుపడిన యెరూషలేము పట్టణమునకు వచ్చి, 52 దినములలో దాని ప్రాకారమును కట్టించెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఊరి చుట్టు గోడ లేచుచుండగా, ఊరి లోపలి గోడ యొకటి బయటపడినది. కరవు రోజులలో పేదలు తమ పొలములను, ద్రాక్షతోటలను తాకట్టు పెట్టి, తుదకు కన్నబిడ్డలను దాస్యమునకు అప్పగించి, తమ జాతివారగు ధనికులకే ఋణపడియుండిరి. నెహెమ్యా ఆ ధనికులను సభకు పిలిచి మందలించి, తీసికొన్న పొలములను, వడ్డీని తిరిగి ఇప్పించెను.

పిదప ఏడవ నెల మొదటి దినమున, నీటి గుమ్మము ఎదుటనున్న మైదానమున జనులందరు గుమిగూడిరి. పురుషులే కాక స్త్రీలును, విని గ్రహింపగల వయసు వచ్చిన వారందరును వచ్చిరి. ఎజ్రా అను శాస్త్రి కొయ్యపీఠముపై నిలిచి, ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రమును చదివెను. లేవీయులు జనులకు దాని అర్థమును విడమరచి చెప్పిరి. అర్థమైన కొలది జనులకు దుఃఖము పొంగినది. తాము తప్పిన ధర్మమెంతో వారికి తెలియవచ్చెను. అప్పుడు పెద్దలు వారిని ఊరడించి, ఇది ఏడ్వవలసిన దినము కాదనియు, ఇండ్లకు పోయి మంచి భోజనము చేసి, మధురమైన పానీయము త్రాగవలసినదనియు చెప్పిరి. అంతటితో విడువక, ఇంట ఏమియు వండుకొనలేని వారికి వంతులు పంపుడని కూడ ఆజ్ఞాపించిరి.

ఇందు ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతులు రెండు కలవు. ఆ జనులు వినిన మాటలు తమకు అర్థమైనందుననే సంతోషించిరని గ్రంథకర్త స్పష్టముగా చెప్పెను. అర్థముకాని మంత్రమునకు తలయూపుట వేరు, అర్థమైన మాటకు హృదయము కదలుట వేరు. ఇక రెండవ సంగతి. పేదవానికి పంపవలసిన వంతు పండుగ ముగిసిన పిదప మిగిలిన దానిలోనుండి తీసినది కాదు. తినుము, త్రాగుము, పంపుము అను మూడును ఒకే ఊపిరిలో చెప్పబడినవి.

ద్వితీయోపదేశకాండమున చెప్పిన పంటపండుగల విధులలోను ఇదే తీరు. సేద్యగాడు తన తొలిపంటను గంపలో పెట్టుకొని దేవుని సన్నిధికి తేవలెను. తన పూర్వులు పరదేశమున వెట్టిచాకిరి చేసిన దీనులని నోరార చెప్పుకొనవలెను. ఆపై సంతోషింపవలెను. ఎవరితో కలిసి సంతోషింపవలెనో కూడ ఆ గ్రంథము లెక్కపెట్టి చెప్పినది: కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, భూవసతి లేని లేవీయుడు, ఊరిలోనుండు పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు. సంతోషింపుమని ఆజ్ఞ ఇచ్చుట వింతగా తోచవచ్చును. ఆ ఆజ్ఞతోపాటు అతిథుల జాబితా కూడ ఉండుట అంతకన్న విశేషము.

ఈ భావమే తొలి క్రైస్తవ సంఘమునకు పునాది. యెరూషలేములోని మొదటి విశ్వాసులు ఇంటింట రొట్టె విరిచి, నిష్కపటమైన హృదయముతో, ఆనందముతో భుజించిరనియు, ఆస్తులమ్మి అక్కర కలవారికి పంచిరనియు అపొస్తలుల కార్యముల గ్రంథము వర్ణించినది. ఇది తమను గూర్చి తాము చెప్పుకొన్న మాట కదా అని శంకింపవచ్చును. కాని బయటివారి సాక్ష్యమును కలదు. సుమారు క్రీ. శ. 112వ సంవత్సరమున ఇప్పటి తుర్కీ దేశపు ఉత్తరభాగమున బిథీనియ రాష్ట్రమును పాలించిన ప్లినీ అను రోమను అధికారి, త్రాజను చక్రవర్తికి ఒక లేఖ వ్రాసెను. క్రైస్తవులు ఒక నియమిత దినమున తెల్లవారకమునుపే కూడి, ఒకరికొకరు బదులుగా క్రీస్తును కీర్తించి పాడుదురనియు, దొంగతనము మొదలగు పాపములు చేయమని ఒట్టు పెట్టుకొందురనియు, తిరిగి కూడి సామాన్యమైన భోజనము చేయుదురనియు అందు తెలిపెను. ఈ సంగతులలోని నిజము తెలిసికొనుటకై సంఘ పరిచారికలగు ఇద్దరు దాసీ స్త్రీలను హింసించి విచారించితినని కూడ అతడే వ్రాసెను. దాసీజనమునకు సభలో నోరెత్తు హక్కు లేని ఆ కాలమున, ఆరాధనలో పరిచారికల స్థానమున నిలిచినవారు దాసీలగుట మనము మరువరాదు.

మరి నలువది యేండ్లకు, సుమారు క్రీ. శ. 155 ప్రాంతమున, రోము నగరమున జస్టిన్ అను తత్త్వవేత్త క్రైస్తవుల ఆదివారపు ఆరాధనను చక్రవర్తికి వివరించుచు ఒక విన్నపము వ్రాసెను. గ్రంథపఠనము, ఉపదేశము, ప్రార్థన జరిగిన పిమ్మట రొట్టెను, ద్రాక్షారసమును పంచుదురట. రాలేకపోయిన వారికి పరిచారకులు వారి వంతును ఇంటికి కొనిపోవుదురట. కలిగినవారు తమకు తోచినంత కానుక ఇయ్యగా, అది అనాథలకును, విధవలకును, రోగులకును, చెరలోనున్నవారికిని, పరదేశులకును చెల్లునట. ఎజ్రా దినములలో పంపిన వంతు ఆరు శతాబ్దములు దాటి రోము వీథులలో నడచుచున్నట్లు మనకు కనిపించును.

ఈ ఆనందము సుఖజీవుల ఆనందము కాదని చెప్పుటకు పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ చాలును. ఫిలిప్పీ మాసిదోనియలోని పట్టణము. అక్కడ పౌలు, సీల అను వారిరువురు దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగింపబడి, నడిరేయి పాటలు పాడిరనియు, తక్కిన ఖైదీలు ఆ పాటలు వినుచుండిరనియు కథ కలదు. తరువాతి కాలమున పౌలు మరల చెరలోనుండి ఆ ఊరి సంఘమునకు వ్రాసిన చిన్న లేఖ నిండ సంతోషమను మాట పదేపదే వచ్చును. ఆ సంతోషమునకు ఒక కారణము ఆ సంఘమువారు ఎపఫ్రొదితు అనువాని చేతికిచ్చి తనకు పంపిన కానుక. మాసిదోనియ సంఘములవారు కడు బీదలు. అయినను యెరూషలేములోని పేదలకై తమ శక్తికి మించి ఇచ్చిరని పౌలు వేరొక లేఖలో కొనియాడెను. అధికమైన ఆనందము, నిరుపేదతనము ఈ రెండును కలిసి ఔదార్యమైనవని ఆయన లెక్క. ఈ లెక్క వర్తకుల పద్దులకు చిక్కునది కాదు.

ఆరాధన చెడిపోవు విధమును కూడ పౌలే చూపెను. కొరింథు రెండు రేవులకు నడుమనున్న సంపన్న నగరము. అచ్చట సంఘము ఎవరో ఒకరి ఇంట కూడి, కలిసి భోజనము చేసి, ప్రభువు జ్ఞాపకార్థము రొట్టె విరిచెడిది. తీరిక కలవారు ముందుగా వచ్చి తమ తమ భోజనమును తామే ముగించెడివారు. కూలివారును, దాసులును పని విడిచి ప్రొద్దుపోయి వచ్చియుందురని పండితుల ఊహ. వారు వచ్చునప్పటికి మిగిలినది ఆకలియే. ఒకడు మత్తుగా నుండగా వేరొకడు ఆకలితోనుండు ఆ విందు ప్రభువు విందే కాదని పౌలు నిర్మొగమాటముగా వ్రాసెను. పాటలలో లోపము లేదు, ప్రార్థనలో లోపము లేదు. పంక్తిలో లోపము వచ్చినది. పంక్తి చెడినప్పుడు పూజయే చెడినదని ఆయన తీర్పు.

పంక్తి అను మాట వినగానే మన దేశము జ్ఞప్తికి రాక మానదు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెను, ఎవరి చేతినీరు ఎవరు త్రాగవలెను అను కట్టుబాటులతో శతాబ్దములు గడపిన సంఘము మనది. ఇట్టి నేలపై క్రైస్తవ ఆరాధన అడుగిడినప్పుడు దానికి ఎదురైన పరీక్ష కొరింథులోని పరీక్షకన్న చిన్నది కాదు.

తెలుగునాట ఆ ఆరాధనకు మొదట మన గొంతు నిచ్చినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అగ్రగణ్యుడు. పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, క్రైస్తవుడై, ఆయన రచించిన కీర్తనలు నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున నిలిచియున్నవి. ఆ పుస్తకమున పాటపైన రాగము పేరు, తాళము పేరు అచ్చొత్తబడియుండుట మన భజన సంప్రదాయమును ఎరిగిన వారికి పరిచితముగా తోచును. ఈ కీర్తనకు ఒక గుణము కలదు. ఒకరు చరణమెత్తుకొనగా పదిమంది పల్లవి నందుకొందురు. అక్షరజ్ఞానము లేని కూలివాడు కూడ నాలుగు ఆదివారములలో దానిని కంఠస్థము చేసికొనగలడు. అర్థమైన మాట అందరి నోట పలుకుట ఒక విధమైన వంతు పంపకమే. నీటి గుమ్మము ఎదుట లేవీయులు చేసిన పనిని మన ఊళ్లలో కంజిర, తాళములు చేసినవని చెప్పవచ్చును.

గొంతు కలిసినంత సులభముగా చేయి కలియదు. ఆ కథకు దోర్నకల్ ఒక ముఖ్యమైన మజిలీ. తిరునెల్వేలి ప్రాంతమున ఒక గ్రామ గురువునకు కుమారుడై 1874లో జన్మించిన వేదనాయకము శామ్యూల్ అజరయ్య, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. తమిళుడయ్యును తెలుగు పల్లెలకే జీవితము ధారపోసి, 1945 జనవరి 1న కన్నుమూసెను. ఆయన సంఘమున చేరినవారిలో అధికులు మాల మాదిగ కులములవారు. ఊరికి వెలుపల నివసించి, ఒకరి పొలమున కూలి చేసి బ్రతుకువారు. అట్టివారికి దానము చేయుమని చెప్పవచ్చునా? చెప్పవలెననియే అజరయ్యగారి నిశ్చయము. పుచ్చుకొనుటయే ఎరిగినవానికి ఇచ్చు గౌరవము కూడ దక్కవలెనని ఆయన తలచెను. క్రైస్తవ దానమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసెను.

ఆ పల్లెలలో దానము వెండినాణెముగా కాక గింజగా వచ్చెడిది. ఇల్లాలు ఎసట పోయబోవు ముందు పిడికెడు బియ్యమో జొన్నలో తీసి వేరొక కుండలో వేసి, ఆదివారమునాడు గుడికి తెచ్చెడిది. పిడికెడు తీసినందున ఆ పూట ఇంటిలో ఎవరికో ఒక ముద్ద తగ్గియే యుండును. అయినను తమ చెమటతో పండిన గింజ దేవుని బల్లముందు కుప్పపడుట చూచినప్పుడు, జీవితమున ఎన్నడు ఎవరికిని ఇచ్చి ఎరుగని ఆ చేతులకు కలిగిన సంతోషమును ఊహింపవచ్చును. కోతపండుగ కూడ ఇట్టిదే. వరికంకులు, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, గుడ్లు గుడికి వచ్చును. ప్రార్థన ముగిసిన పిదప వాటిని వేలము వేయుదురు. పేదరాలు తెచ్చిన కాయను అంగడి ధరకు నాలుగింతలిచ్చి పాడుకొనువాడుండును. అందు బేరము లేదు. ఒకరి కానుకను ఇంకొకరు గౌరవించుట కలదు.

దోర్నకల్‌కు పడమరగా, మెదకులో, మరియొక సాక్ష్యము రాతిలో నిలిచియున్నది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అను మెథడిస్టు మిషనరీ ఆధ్వర్యమున 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహాలయపు గోపురము సుమారు 175 అడుగుల ఎత్తు. లోపల 5,000 మంది కూర్చుండవచ్చును. చూడవచ్చినవారు రంగుటద్దాల కిటికీలను చూచి ముగ్ధులగుదురు. కాని ఆ కట్టడమునకు రాళ్లు మోసినవారు కరవు బారినపడిన జనులనియు, పని చేసినవారికి తిండి పెట్టి దానిని కట్టించిరనియు తెలిసినప్పుడే దాని అందము పూర్తిగా అర్థమగును. ప్రార్థనకు గుడి సిద్ధమగుటకు ముందే, ఆ గుడి పొయ్యి రాజవేసినది.

ఇంతమాత్రమున పరీక్షలో మనము నెగ్గితిమని చెప్పుట సత్యము కాదు. కులము గుడి వాకిట చెప్పులతోపాటు విడువబడలేదు. వేరు వరుసలు, వేరు శ్మశానములు ఉంచుకొన్న క్రైస్తవ సంఘములు ఈ దేశమున కలవు. 1895లో వినుకొండలో జన్మించి, క్రైస్తవ కుటుంబమున పెరిగి, ఉపాధ్యాయుడై జీవించిన గుర్రం జాషువ కవికి ఈ బాధ పుస్తకములలో చదువవలసిన అవసరము లేకపోయెను. 1941లో వెలువడిన ఆయన గబ్బిలము కావ్యమున, గుడిలోనికి పోరాని ఒక దీనుడు తన మొరను ఈశ్వరునికి విన్నవించుటకు గబ్బిలమును దూతగా పంపును. గబ్బిలమునకు గుడిలో తావు కలదు, మనుష్యునకు లేదు. ఆరాధనానందము నుండి ఒక మనుష్యుని వెలివేయుట ఎంతటి ఘోరమో ఈ ఒక్క కల్పన చెప్పినట్లు వేయి ఉపన్యాసములు చెప్పజాలవు. ఆ కవియే క్రీస్తు చరిత్ర రచించి 1964లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందెను.

దక్షిణ ఇండియా సంఘము చేసిన ఒక చిన్న మార్పును ఈ వెలుగులో చూడవలెను. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ శాఖలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఈ సంఘముగా ఏర్పడినవి. దీనికై పాటుపడిన అజరయ్యగారు దీనిని చూడకయే గతించిరి. దోర్నకల్, మెదకు రెండును ఇందు చేరినవి. 1950లో ఈ సంఘము సిద్ధపరచిన ప్రభు భోజన క్రమమున, రొట్టెను ద్రాక్షారసమును అర్పించుటకు ముందు, సమాధానము నిచ్చిపుచ్చుకొను పద్ధతిని చేర్చిరి. కేరళలోని సిరియను క్రైస్తవుల ప్రాచీనాచారమునుండి అది గ్రహింపబడినది. ఇచ్చువాడు తన కుడి అరచేతిని పుచ్చుకొనువాని కుడి అరచేతికి తాకించును. ఇరువురును ఎడమచేతులతో ఒకరి కుడిచేతిని ఒకరు మూయుదురు. గురువునుండి బయలుదేరిన ఆ దీవెన చేయి చేయి మారి కడపటి వరుసవరకు పోవలెను.

చేయి తాకనిదే దీవెన సాగదు. అంటరానితనమును నిషేధించిన మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినదియు ఆ 1950లోనే. చట్టము పుస్తకమున వ్రాసిన మాటను ఆరాధన అరచేతిలో వ్రాయజూచినది. నడుమ ఒకడు చేయి ముడుచుకొన్నచో, అతని వెనుకనున్న వారందరికి దీవెన ఆగిపోవును. అతడు పుచ్చుకొన్నది కూడ అతనియొద్దనే చల్లారును. కొరింథు సంఘమునకు పౌలు వ్రాసిన మందలింపు సారమంతయు ఈ అభినయమున ఇమిడియున్నది. మన సంఘములలో ఈ చేయి ఎంత నిజముగా చాపబడుచున్నదో, గుడిలో తాకిన చేయి గుడి వెలుపల ఎంత దూరము తోడు వచ్చుచున్నదో ఎవరికి వారు విచారించుకొనవలెను.

ఈ మాట ఒక మతమువారికే చెప్పి ఊరకొనదగినది కాదు. దీవెన యనునది చేతులు మారుచు పోవలసిన పదార్థమని ఒప్పుకొన్నచో, ప్రతి కూటమిలోను కడపటి వరుసను వెదకవలసి వచ్చును. బడియు ఒక కూటమియే. ఇంట దీపము లేక, అక్షరము చెప్పువారు లేక, ఏమియు సిద్ధపరచుకొనలేక వచ్చి కూర్చుండు పిల్లవాడు ప్రతి తరగతిలోను ఒకడుండును. చదివినది చదివినట్లు వదలక, జనుల మధ్యకు నడచిపోయి అర్థము చెప్పిన లేవీయులను ఉపాధ్యాయులు తలచుకొందురు గాక. ఆ పిల్లవాని ప్రక్కన కూర్చుండిన విద్యార్థి తన పుస్తకమును కొంచెము అటు జరిపినచో, అతని వంతు అతనికి అందును. ఆనాటి పాఠము ఇద్దరికిని పండుగ యగును.